పిల్లవాడి పేరు, పంతులు బతుకు: ఉత్తరాంధ్ర సాహిత్యంలో బడి సంఖ్యాబలం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఉపాధ్యాయుడి పేదరికం తెలుగు సాహిత్యానికి కొత్త వస్తువు కాదు. అయితే ఆ పేదరికానికీ, బడిలో చేరే పిల్లల సంఖ్యకూ ఉన్న సంబంధాన్ని విమర్శ అంతగా పట్టించుకోలేదు. పంతులు ఉద్యోగం పోవడానికి ముందు ఎక్కడో ఒక పిల్లవాడి చదువు ఆగిపోతుంది, లేదా వేరొక బడికి తరలిపోతుంది. ఈ రెండు నష్టాలను కలిపి చదవవలసిన అవసరాన్ని గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’, చాసో ‘ఎందుకు పారేస్తాను నాన్నా?’, కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ రచనల ఆధారంగా, గిడుగు రామమూర్తి సవర బడుల అనుభవాన్ని తోడు చేసుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఉత్తరాంధ్ర, కన్యాశుల్కం, చాసో, గిడుగు, వీధిబడి, హాజరుపట్టీ, ఉపాధ్యాయుడు, వలస.

ప్రవేశిక

‘బతకలేక బడిపంతులు’ అన్న నానుడిని సాధారణంగా జీతం తక్కువన్న అర్థంలో వాడుతుంటారు. వీధిబడుల కాలంలో దాని అర్థం ఇంకాస్త నిర్దిష్టమైనది. అరుగు మీద కూర్చుని అక్షరాలు దిద్దించిన పంతులుకు జీతం ఇచ్చే యజమాని ఒకడు లేడు. ఎందరు పిల్లలుంటే అన్ని ఇళ్ల నుంచి అతడికి ఏదో ఒక రాబడి ఉండేది. కొందరు నెలకు కొంత రొక్కం ఇచ్చేవారు, కొందరు గింజలు కొలిచేవారు, పండుగకు మామూలు ఇచ్చేవారు. దసరాకు పిల్లల చేతికి విల్లంబులిచ్చి, పాటలు పాడించుకుంటూ ఇల్లిల్లూ తిరగడం వేడుకగానే గుర్తుండిపోయింది గానీ, అది పంతులు ఏడాది రాబడిలో ఒక భాగం. ఆ పాటల్లో అయ్యవారి వాటా వేరు, పిల్లల పప్పుబెల్లాల వాటా వేరు. ఇంత స్పష్టంగా లెక్క చెప్పిన పాటను బాలసాహిత్యంలో చేర్చి ఊరుకోవడం విచిత్రమే.

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1826 నాటి తన నివేదికలో ఆ రాష్ట్రం మొత్తం మీద 12,498 బడులు, సుమారు 1,88,000 మంది విద్యార్థులు ఉన్నట్టు పేర్కొన్నాడు. సగటున బడికి పదిహేను మంది. ఆ పదిహేను మందిలో ముగ్గురు మానేస్తే పంతులు రాబడిలో అయిదో వంతు పోతుంది. బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ 1823లో రాసిన నివేదికలో దేశీయ బడులు క్షీణించడానికి జనం పేదరికాన్నే ముఖ్య కారణంగా చూపించాడు. ఊళ్లో పంట పోతే ముందు పిల్లవాడి చదువు ఆగుతుంది, ఆ వెంటనే పంతులు ఇంట్లో పొయ్యి ఆరుతుంది. ఉత్తరాంధ్ర సాహిత్యంలో ఈ వరుస ఎక్కడెక్కడ కనబడుతుందో చూడవలసి ఉంది.

ఒక్క శిష్యుడి పంతులు

‘కన్యాశుల్కం’ మొదట 1892లో విజయనగరంలో ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది, బాగా పెంచి తిరగరాసిన రూపం 1909లో వెలువడింది. గిరీశాన్ని వంచకుడిగా, సంస్కర్త వేషం వేసుకున్న స్వార్థపరుడిగా, మాటకారిగా విమర్శకులు విస్తారంగా విశ్లేషించారు. అతడి వృత్తి ఏమిటన్న ప్రశ్న మాత్రం ఎక్కువగా పక్కకు పోయింది. నాటకం తెర లేచేసరికి గిరీశం ట్యూటరు. అతడి హాజరుపట్టీలో ఉన్న పేరు ఒక్కటే, వెంకటేశం.

ఈ దృష్టితో చూస్తే మొదటి అంకం వేరుగా అర్థమవుతుంది. గిరీశానికి పట్నంలో అప్పులు పెరిగాయి, పరువు పోయింది, ఊరు విడిచిపోక తప్పని స్థితి వచ్చింది. అదే సమయానికి వెంకటేశం పరీక్ష తప్పాడు. మామూలు లెక్కలో శిష్యుడు పరీక్ష తప్పితే గురువు పని పోవాలి. గిరీశం ఆ వైఫల్యాన్నే తన బతుకుదెరువుగా మార్చుకుంటాడు. సెలవుల్లో కూడా చదువు చెప్పాలి గనుక శిష్యుడితో పాటు అతడి ఊరికి బయలుదేరతాడు. తన దగ్గర చుట్ట కాల్చడం తప్ప ఏమీ రాలేదని కుర్రవాడు ఫిర్యాదు చేస్తే కోప్పడడు, బుజ్జగిస్తాడు. అది అతడి చమత్కారం మాత్రమే అనుకోవడం చాలదు. ఉన్న ఒక్క శిష్యుణ్ణి కోప్పడే స్తోమత ఆ పంతులుకు లేదు.

కృష్ణరాయపురం అగ్రహారంలో కథ మరింత స్పష్టమవుతుంది. ఇంగ్లీషు చదువుకయ్యే ఖర్చు మీద అగ్నిహోత్రావధానులు చిరాకు పడుతుంటాడు. కొడుకు ఉద్యోగస్థుడు కావాలన్నది వెంకమ్మ కోరిక. ఆ ఇంట్లో గిరీశం స్థానం ఈ ఇద్దరి మధ్య ఉన్న సందులో మాత్రమే నిలబడగలదు. అందుకే ఇంగ్లీషు మాట్లాడి చూపించమన్నప్పుడు గురుశిష్యులిద్దరూ పాఠ్యపుస్తకాల ముక్కలూ పిల్లల పద్యాలూ కలిపి సంభాషణలాగా వప్పగిస్తారు. వింటున్నవారికి అర్థం తెలియదు, ధ్వని మాత్రం తెలుస్తుంది. ప్రేక్షకులు నూరేళ్లకు పైగా ఈ ఘట్టానికి నవ్వుతున్నారు. కానీ నవ్వులో ఒక విషయం మరుగున పడింది. చదువు నాణ్యతను తూచలేని తల్లిదండ్రుల ముందు చదువును ప్రదర్శించి చూపడం ఇక్కడ పంతులు వృత్తిలో భాగమైపోయింది. శిష్యుడు వచ్చినట్టు నటిస్తాడు, గురువు నేర్పినట్టు నటిస్తాడు, తల్లి మురిసిపోతుంది. మురిసినంతకాలం పంతులుకు భోజనానికి లోటు లేదు. వ్యాజ్యాల పిచ్చి ఉన్న అవధానులు కూడా ఇంగ్లీషు వచ్చినవాడు ఇంట్లో ఉంటే కలిగే ప్రయోజనాన్ని పసిగట్టగానే మెత్తబడతాడు.

గిరీశానికి ఎదురుగా గురజాడ మరో గురువును నిలబెట్టారు. అతడు కరటకశాస్త్రి. అతడి శిష్యుడు సంస్కృత కావ్యం వల్లె వేస్తూ, ఈ చదువు వల్ల ఒరిగేదేమిటని విసుక్కుని, గురువును వదిలి గిరీశం దగ్గర నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుందామని తలపోస్తాడు. హాస్యంగా సాగిపోయే ఈ స్వగతం నిజానికి ఆ కాలపు పెద్ద మార్పును పట్టిచ్చే ఘట్టం. సంస్కృతం చెప్పే ఇంటి నుంచి ఇంగ్లీషు చెప్పే ఇంటికి శిష్యులు తరలిపోతున్నారు. వారితో పాటే బతుకుదెరువు తరలిపోతున్నది. శిష్యుణ్ణి నిలుపుకోవడానికి కరటకశాస్త్రి చేసే వాగ్దానం ఏమిటి? తన కూతుర్ని ఇచ్చి పెళ్లి చేయడం. కన్యకు వెల కట్టే దురాచారాన్ని ఎండగట్టిన నాటకంలో శిష్యుణ్ణి దక్కించుకునే వెల కూడా కన్యే కావడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

గురజాడకు ఈ వృత్తి బయటి నుంచి తెలిసినది కాదు. 1880ల్లో విజయనగరం మహారాజా వారి ఉన్నత పాఠశాలలో నెలకు 25 రూపాయల జీతం మీద ఆయన ఉపాధ్యాయుడిగా పనిచేశారు. తరువాత కళాశాలలో అధ్యాపకులయ్యారు. సంస్థానం పోషించే బడిలో జీతానికి కొంత నిలకడ ఉంటుంది. ఆ నిలకడ లేని పంతులు ఎలా మారిపోతాడో గిరీశంలో చూపించారనుకుంటే, ఆ పాత్ర మీద ఇప్పటివరకు వచ్చిన నైతిక తీర్పులు కొంత సడలవలసి వస్తుంది.

సర్కారు లెక్క

గిరీశం కాలానికి ఈ లెక్క ప్రభుత్వ విధానంగా కూడా మారింది. ఇంగ్లాండులో 1862లో రాబర్ట్ లో ప్రవేశపెట్టిన పద్ధతి ప్రకారం పిల్లల హాజరు, ఇన్‌స్పెక్టరు పెట్టే పరీక్షలో వారి ఉత్తీర్ణతలను బట్టి బడికి నిధులు వచ్చేవి. మద్రాసు రాష్ట్రంలోనూ ఫలితాల గ్రాంటు పేరుతో అదే నడిచింది. 1882 నాటి హంటర్ కమిషన్ దీనిని చర్చించింది. 1904లో కర్జన్ ప్రభుత్వం విద్యావిధాన తీర్మానంలో ఈ పద్ధతికి స్వస్తి చెప్పాలన్నది. వీధిపంతులుకు ఇళ్ల నుంచి రావలసిన రాబడి ఇన్‌స్పెక్టరు రాకపోకల మీద ఆధారపడటం మొదలైంది. తనిఖీ రోజున పిల్లవాడికి జ్వరం వస్తే అది పంతులు జీతానికి వచ్చిన జ్వరమే.

అదే చుట్ట, మరో పిల్లవాడు

పిల్లవాడి వైపు నుంచి ఈ కథను చెప్పినవారు చాసోగా ప్రసిద్ధులైన చాగంటి సోమయాజులు (1915–1994). శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో స్థిరపడిన ఆయన రాసిన ‘ఎందుకు పారేస్తాను నాన్నా?’ కథలో కృష్ణుడు చురుకైన విద్యార్థి. ఇంట్లో డబ్బు లేక చదువు ఆగిపోయింది. తండ్రి చుట్టలు తెమ్మని పంపిస్తాడు. దారిలో బడి ఉంది. తోటి పిల్లలు లోపల ఉన్నారు. చుట్టల కోసం బయలుదేరిన పిల్లవాడి కాళ్లు బడి దగ్గర ఆగిపోతాయి. చివరకు తండ్రే దిగివచ్చి డబ్బు సమకూర్చవలసి వస్తుంది. డబ్బు జాగ్రత్త అని చెబితే కొడుకు ఇచ్చే జవాబే కథకు పేరు.

గురజాడ నాటకంలో చదువుకు బదులుగా చేతికొచ్చిన చుట్ట, చాసో కథలో చదువు మానిన పిల్లవాణ్ణి బడి మీదుగా నడిపించింది. ఈ పోలికను మరీ సాగదీయనక్కరలేదు. ఒకే ఊరి జీవితంలో ఒకే వస్తువు ఇద్దరు రచయితల చేతిలో ఎలా మారిందో గమనిస్తే చాలు. చాసో కథనం అంతా కృష్ణుడి సిగ్గు చుట్టూ అల్లుకున్నది. అది కథ బలం. అయితే అదే కథలో రాయకుండా వదిలేసిన పార్శ్వం ఒకటి ఉంది. కృష్ణుడి పేరు లేని హాజరుపట్టీని ఆ రోజు ఉదయం తెరిచిన పంతులు ఎవరు? మంచి విద్యార్థి పోయినందుకు అతడికి కలిగిన బాధతో పాటు, ఫీజు చెల్లించే ఒక పేరు తగ్గినందుకు కలిగే భయం ఎలాంటిది? కథకు అది అవసరం లేకపోవచ్చు. కానీ గిరీశాన్ని, కృష్ణుణ్ణి పక్కపక్కన నిలబెడితే తప్ప విజయనగరం బడి పూర్తిగా కనబడదు. ఒకరు శిష్యుడు పోతే వీధిన పడే పంతులు, మరొకరు ఫీజు లేక వీధిన పడిన శిష్యుడు.

గిడుగు తిప్పిన లెక్క

శిష్యుడు పంతులును పోషించాలన్న లెక్కను తలకిందులు చేసినవారు గిడుగు వెంకట రామమూర్తి (1863–1940). శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్పై రూపాయల జీతానికి ఉపాధ్యాయుడిగా చేరారు. సవరల మధ్య తిరిగి వారి భాష నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టించి, పంతుళ్లకు జీతాలిచ్చారు. ఆయన పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు మంచి బడి పెట్టమని కోరారు.

ఈ సంఘటనను గిడుగు త్యాగబుద్ధికి నిదర్శనంగా చెప్పుకోవడం పరిపాటి. అందులో విద్యావిధానానికి సంబంధించిన ఒక గట్టి వాదన కూడా ఉంది. కొండ మీది బడిలో ఫీజు ఇచ్చే తల్లిదండ్రులు లేరు. తెలుగు వాచకం పెడితే పిల్లలు నిలవరు. పిల్లలు నిలవకపోతే పంతులుకు గ్రాంటు రాదు. పంతులు దిగిపోతే బడి మూతపడుతుంది. ఈ గొలుసును ఎక్కడ తెంచాలన్నది ప్రశ్న. ఆయన రెండు చోట్ల తెంచారు: బడి భాషను పిల్లవాడి భాషగా మార్చారు, పంతులు జీతాన్ని పిల్లల సంఖ్య నుంచి విడదీశారు. 1931లో వచ్చిన సవర వ్యాకరణం, 1938లో వచ్చిన సవర–ఇంగ్లీషు నిఘంటువు భాషాశాస్త్ర గ్రంథాలుగా పేరొందాయి. వాటి వెనుక ఒక బడిని నిలబెట్టాలన్న ఉపాధ్యాయుడి పట్టుదల ఉంది. 2000 దశకంలో ఆంధ్రప్రదేశ్‌లో సవర మొదలైన గిరిజన భాషల్లో ప్రాథమిక విద్యా కార్యక్రమం మొదలైనప్పుడు గిడుగు సూత్రంలో మొదటి సగమే అమలైంది. పుస్తకాలు పిల్లల భాషలో వచ్చాయి. వాటిని చెప్పే భాషా వాలంటీర్ల కొలువు మాత్రం ఏ ఏటికాయేడు కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూసేదిగా ఉండిపోయింది.

రాయని కథ

శ్రీకాకుళం సాహిత్యంలో ఉపాధ్యాయుడు వీరుడిగా కనిపిస్తాడు. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లే. గిరిజన రైతాంగ పోరాటానికి నాయకత్వం వహించి 1970 జులైలో ప్రాణాలు కోల్పోయారు. ఆ పోరాటం మీద పాటలు, కథలు, నవలలు విస్తారంగా వచ్చాయి. ప్రజల కోసం ఉద్యోగం వదిలిన పంతులు సాహిత్యానికి దొరికాడు. పిల్లలు తగ్గారని ఉద్యోగమే తనను వదిలేసిన పంతులు ఆ స్థాయిలో దొరకలేదు. అతడి కథలో తుపాకీ లేదు, జైలు లేదు. ఒక కాగితం మీద అంకె మారుతుంది, అంతే.

కాళీపట్నం రామారావు (1924–2021) విశాఖపట్నంలోని ఎయిడెడ్ ఉన్నత పాఠశాలలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసిన ఉపాధ్యాయులు. అయినా ఆయన పెద్ద కథల్లో కేంద్రం బడి కాదు, పొలం. 1964 నాటి ‘యజ్ఞం’లో అప్పల్రాముడు అప్పు లెక్క ఏళ్ల తరబడి పెరుగుతూ పోయి పంచాయతీ ముందు తేలుతుంది. అతడి కొడుకు సీతారాముడు, తన బిడ్డ ఆ అప్పుకు వారసుడు కాకూడదని ఆ పసివాణ్ణే చంపేస్తాడు. ‘యజ్ఞం’ ముగింపు మీద జరిగిన వాదోపవాదాలు అన్నీ ఇన్నీ కావు. వాటిలో ఒక చిన్న మాట చేర్చవచ్చు. సుందరపాలెం అభివృద్ధిని లెక్కించే ఏ హాజరుపట్టీలోనూ ఆ పసివాడి పేరు ఎక్కదు. బడి ఈ కథలో ఘటనాస్థలం కాకపోయినా, బడికి పిల్లలు ఎందుకు రారన్న ప్రశ్నకు ఇంత కఠినమైన జవాబు మరో తెలుగు కథ చెప్పలేదు. అప్పున్న ఇంటి పిల్లవాడు ముందు పాలేరు, తరువాతే విద్యార్థి.

అప్పు రూపం మారింది, దారి మారలేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కుటుంబాలు భవన నిర్మాణ పనులకు హైదరాబాదు, విజయవాడ, చెన్నై వెళ్తాయి; తీరం పల్లెల మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి మరబోట్ల మీద పనిచేస్తారు. పిల్లలు తల్లిదండ్రులతో వెళ్లినా, ఊళ్లో అమ్మమ్మ దగ్గర మిగిలినా హాజరుపట్టీ మీద ఆ ప్రభావం పడుతుంది. దీనికి తోడు పుట్టే పిల్లలే తగ్గారు: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటు సంతానం 1.7. ఈ రెండింటిలో ఏదీ పంతులు చేతిలో లేదు. పోస్టు మాత్రం ఈ అంకె మీదే ఆధారపడి ఉంది.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు ఉపాధ్యాయులు ఉండాలంటుంది. పిల్లవాడి హక్కుగా రాసిన ఈ నిష్పత్తి ఆచరణలో పంతులు బదిలీకి కొలబద్దగా మారింది. 2022 జూన్‌లో వచ్చిన 117వ నంబరు ఉత్తర్వు, 3, 4, 5 తరగతులను దగ్గరలోని ఉన్నత పాఠశాలలకు తరలించడంతో కలిసి, ఉపాధ్యాయులను సర్దుబాటు చేసింది. 2025లో దాని స్థానంలో కొత్త ఉత్తర్వులు వచ్చాయి. ఈ మూడేళ్లలో ఊరి బడిలో ఒక్క పంతులు మిగిలిన చోట్ల జరిగేది ఊహించడం కష్టం కాదు. ఒక్కరే అన్ని తరగతులూ చెబుతుంటే తల్లిదండ్రులు ఊరి చివర ఆగే ప్రైవేటు బడి వ్యాను వైపు చూస్తారు. నలుగురు పిల్లలు ఆ వ్యానెక్కితే బడిలో సంఖ్య మళ్లీ తగ్గుతుంది. తగ్గిన సంఖ్యను చూపి ఉన్న పోస్టును కూడా ప్రశ్నిస్తారు. కారణం, ఫలితం ఒకదాని చోటు మరొకటి ఆక్రమించే ఈ విషవలయంలో తప్పు ఎవరిదని అడిగితే హాజరుపట్టీ రాసే చేతినే చూపించడం సులభం.

ఇక్కడ ఒక భేదం గుర్తించాలి. ప్రభుత్వ ఉపాధ్యాయుడికి పోయేది ఊరు. మిగులుగా తేల్చి మరో మండలానికి పంపుతారు, జీతం ఆగదు. విద్యా వాలంటీరుకు, ప్రైవేటు బడి పంతులుకు పోయేది కూడు. 1998 డీఎస్సీలో అర్హత పొంది కూడా ఉద్యోగం రాని అభ్యర్థులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో, అంటే ఇరవై నాలుగేళ్ల తరువాత, అవకాశం ఇచ్చింది. అదీ కాంట్రాక్టు పద్ధతిలో, కనీస వేతన స్కేలు మీద. ఈ మధ్యకాలంలో వారిలో ఎందరో కూలి పనుల్లో, చిల్లర వ్యాపారాల్లో, చిన్న ప్రైవేటు బడుల్లో వయసు కరిగించుకున్నారు. 2020లో కరోనాతో బడులు మూతపడినప్పుడు ఆ చిన్న బడుల పంతుళ్ల జీతాలు ముందు సగమై, తరువాత ఆగిపోయాయి. కూరగాయల బండి తోసినవారు, ఉపాధి హామీ పనికి వెళ్లినవారు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కనబడ్డారు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. వీధిపంతులుకు గింజలు కొలిచిన కాలం నుంచి ఎంత దూరం వచ్చామో ఆ బియ్యం బస్తా చెబుతుంది.

ఇంగ్లీషు సంగతి కూడా మారలేదు. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెడుతూ 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. మాతృభాష వాదులు, ఇంగ్లీషు వాదులు చేసిన చర్చలో కరటకశాస్త్రి శిష్యుడి విసుగు అడుగడుగునా వినబడింది. దాన్ని భాషాద్రోహంగా కొట్టిపారేసినవారు వెంకమ్మ ఆశను అర్థం చేసుకోలేదు. దాన్ని ప్రగతిగా మాత్రమే చూసినవారు, ఆ ఆశ ముందు గిరీశం ఎంత తేలికగా నెగ్గుకొచ్చాడో మరిచిపోయారు.

ఇప్పుడు ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరాంధ్ర పట్టణాల వీధుల్లో ప్రైవేటు బడుల పంతుళ్లు కరపత్రాలు పట్టుకొని ఇల్లిల్లూ తిరుగుతారు. ఎవరు ఎందరిని చేర్పించాలో యాజమాన్యం ముందే చెప్పి ఉంటుంది. సెలవుల జీతం, వచ్చే ఏటి కొలువు ఆ అంకెతో ముడిపడతాయి. వీరిలో ఎక్కువమంది ఆడవాళ్లు. గుమ్మంలో నిలబడి, లోపలి నుంచి వచ్చిన తల్లితో మూడు ఇంగ్లీషు వాక్యాలు కలిపి మాట్లాడతారు. ఎండకు ముఖం కందిపోయి ఉంటుంది. లోపల కృష్ణుడి వంటి పిల్లవాడు ఒకడు ఉంటాడు, ఫీజు ఎంతో తల్లి అడుగుతుంది. ఆ గుమ్మానికి ఇవతల నిలబడ్డ మనిషిని ముఖ్యపాత్రగా తీసుకొని విజయనగరం నుంచి ఒక కథ రావలసి ఉంది.